మెనూ పట్టీ - మన పిల్లల తెలుగు వ్రాత

మన పిల్లలు వ్రాసికొను బల్లమీద నేడు పుస్తకముతోపాటు కంప్యూటరు కూడ చేరినది. పాఠశాలలో ఒప్పగించిన వ్యాసమును, సెలవు కోరుచు వ్రాయు లేఖను, వార్షికోత్సవమున ఆడదలచిన నాటకపు ప్రతిని బాలబాలికలు దానియందే సిద్ధపఱచుచున్నారు. వ్రాత కొఱకు తెఱచిన ప్రతి పుటకును పై అంచున ఒక మాటల వరుస కానవచ్చును. ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్ మొదలుకొని హెల్ప్ వఱకు గల ఆ వరుసను మెనూ బార్ అందురు. దానినే మేమిచ్చట మెనూ పట్టీ అని వ్యవహరింతుము. ఈ పట్టీ ఎట్లు ఏర్పడినది, దీనిని మన అవసరమునకు తగినట్లు ఎట్లు మార్చుకొనవచ్చును, మార్చునపుడు దేనిని కదల్పక విడువవలెను అను విషయములను తలిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఇంత చిన్న విషయమునకు ఒక వ్యాసము కావలెనా యని కొందఱకు తోచవచ్చును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు వ్రాతకు దొరకు వేళ స్వల్పము. వీథిలోని బోర్డులు రాష్ట్రభాషయందుండును. పై చదువుల పరీక్షలు ఇంగ్లీషునందుండును. పాఠశాలలోని తెలుగు గంటయు, ఇంటిలోని సాయంకాలమును మాత్రమే మిగులును. ఆ సాయంకాలమున తెలుగు అక్షరమును చేరుటకు ఆరేడు మెట్లు ఎక్కవలసియుండి, ఇంగ్లీషు అక్షరము వ్రేలికొననే యున్నచో పిల్లవాడేమి చేయును? తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాసి ఊరకుండును. చేతిఫోనులలో ఇట్టి వ్రాతను మనము నిత్యము చూచుచునే యున్నాము. ఆ లిపిలో కల అని వ్రాయదలచినను, కళ అని వ్రాయదలచినను వచ్చునవి ఆ నాలుగు అక్షరములే. లకార ళకారముల భేదము, నకార ణకారముల భేదము, హ్రస్వ దీర్ఘముల భేదము కంటికి దూరమైన పిమ్మట చేతికిని దూరమగును. మెనూ పట్టీని సవరించుట ఈ కష్టమునంతయు తీర్పదు. కాని నడుమ నున్న మెట్లలో కొన్నింటిని తగ్గించును. అంత మేలు చేయగలుగునది ఒక గంట పనితో లభించునపుడు దానిని విడుచుట తగదు.

పట్టీ పుట్టుక

మెనూ అను మాట భోజనశాలలకు సంబంధించినది. వడ్డింపబడు పదార్థముల జాబితాకు ఆ పేరు. తొలినాళ్ళలో కంప్యూటరుతో పని చేయువారు ఆజ్ఞల నన్నింటిని జ్ఞాపకముంచుకొని అక్షరము తప్పకుండ టైపు చేయవలసి యుండెడిది. ఆజ్ఞలను జాబితాగా తెరమీద చూపినచో జ్ఞాపకముంచుకొను శ్రమ తగ్గి, చూచి గుర్తించుట మాత్రము మిగులును. ఆపిల్ సంస్థ 1983లో వెలువరించిన లీసా యంత్రమునందును, 1984లో వెలువరించిన మాకింతోష్ యంత్రమునందును తెర పై అంచున ఈ పట్టీ ఉండెను. 1987లో ఐబీఎం సంస్థ తన కార్యక్రమములన్నిటికి ఒకే తీరు ఉండవలెనని నియమములు ప్రకటించెను. ఫైల్ మొదట, హెల్ప్ చివర నుండుట వంటి క్రమము అట్టి నియమముల వలన వ్యాప్తిలోనికి వచ్చినది. ఒక కార్యక్రమము నేర్చినవాడు మఱియొకదానిని సులభముగా నేర్వగలుగుట ఈ క్రమము వలన కలిగిన లాభము. కావున తొలి అమరికను నిష్కారణముగా చెదరగొట్టరాదు.

అయినను ఆ అమరిక ఎవరి కొఱకు చేయబడినది? సకల దేశముల వారికి, సకల వృత్తుల వారికి సామాన్యముగా ఉపయోగించునని తయారుచేయువారు ఊహించిన దానిని ముందుంచి, తక్కినదానిని వెనుక ఉంచిరి. బరంపురమున తెలుగును ఒడియాను, షోలాపురమున తెలుగును మరాఠీని, హోసూరున తెలుగును తమిళమును ఒకే పుటలో వ్రాయవలసిన పిల్లవాడు వారి ఊహకు అంది యుండడు. అది వారి దోషము కాదు. మన ఇంటి అవసరము మనకే తెలియును గనుక, దానిని పట్టీలో చేర్చు భారము కూడ మనదే.

ఈ సందర్భమున ఒక పూర్వవృత్తాంతము తెలిసికొనదగినది. మైక్రోసాఫ్ట్ సంస్థ 1999లో వెలువరించిన ఆఫీస్ 2000 అను కార్యక్రమములో మెనూలు తమంతట తామే మాఱుచుండెడివి. తఱచుగా వాడు ఆజ్ఞలు మాత్రమే మొదట కనబడెడివి. అరుదుగా వాడునవి దాగియుండి, అడుగున నున్న గుర్తును నొక్కినపుడో, కొంతసేపు వేచినపుడో బయటికి వచ్చెడివి. నిన్న కనబడిన ఆజ్ఞ నేడు కనబడకపోవుటచే అనేకులు తికమకపడిరి. ఆఫీస్ 2007లో ఆ సంస్థ తన ముఖ్య కార్యక్రమములనుండి మెనూ పట్టీనే తొలగించి, రిబ్బను అను వేఱొక అమరికను ప్రవేశపెట్టెను. మనము గ్రహింపవలసిన నీతి ఇందున్నది. తక్కువగా వాడబడుచున్నదని దాచుట, దాచుటచే అది మఱింత తక్కువగా వాడబడుట, ఈ రెండును ఒకదాని నొకటి పెంచును. మన ఇండ్లలో తెలుగు వ్రాతకు జరుగుచున్నదియు ఇదియే. కావున ఏది ముందుండవలెనో నిర్ణయించు పనిని వాడుకకే విడువక, మనము బుద్ధిపూర్వకముగా చేయవలెను.

లిబ్రె ఆఫీస్

ఉదాహరణ కొఱకు మేము లిబ్రె ఆఫీస్ అను కార్యక్రమ సముదాయమును గ్రహించితిమి. ఇందు వ్రాతకు ఉపయోగించు భాగము పేరు రైటర్. ఇది వెల లేకుండ లభించును. విండోస్, మాక్, లినక్స్ యంత్రములన్నిటియందును పని చేయును. దీని మూలము జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీస్. దానిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999లో కొని, 2000లో దాని మూలరచనను ఎల్లరకును తెఱచి యిచ్చెను. ఆ మూలరచననే ఆధారముగా గొని 2010లో ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అను పేర ఏర్పడిన స్వచ్ఛంద సమాజము లిబ్రె ఆఫీస్‌ను నడుపుచున్నది. మెనూ పట్టీని వాడుకరి స్వయముగా మార్చుకొనుటకు ఇందు పూర్తి వసతి కలదు. మెనూలు, ఆజ్ఞలు తెలుగులోనే కనబడునట్లు చేసికొను వసతియు కలదు.

తెలుగులో చూడగోరువారు విండోస్ యంత్రముపై కార్యక్రమమును స్థాపించునపుడు కస్టమ్ అను మార్గము నెన్నుకొని, భాషల జాబితాలో తెలుగును చేర్పవలెను. తరువాత టూల్స్ మెనూలోని ఆప్షన్స్ తెఱచి, భాషలకు సంబంధించిన పుటలో యూజర్ ఇంటర్‌ఫేస్ అను చోట తెలుగును ఎన్నుకొని, కార్యక్రమమును మూసి తెఱచిన చాలును. అనువాదము కాని మాటలు ఇంగ్లీషుననే కనబడును. పాఠశాలలోని పాఠ్యపుస్తకములు ఇంగ్లీషు పేళ్ళతోనే బోధించుచుండుటచే, ఈ వ్యాసమున మేమును ఆ పేళ్ళనే వాడుచున్నాము.

ముందుగా చేసికొనవలసినవి

పట్టీని సవరించుటకు పూర్వము రెండు ఏర్పాట్లు అవసరము. మొదటిది మీటల పలక. విండోస్ యంత్రములో భాషల అమరికయందు తెలుగును చేర్చినచో ఇన్‌స్క్రిప్ట్ అను పద్ధతి లభించును. 2019 నుండి విండోస్ 10లో ఉచ్చారణను అనుసరించి టైపు చేయు ఫోనెటిక్ పద్ధతియు లభించుచున్నది. ఫోనెటిక్ పద్ధతి ఇంగ్లీషు మీటలు తెలిసిన వారికి తొలినాడే సులభముగా నుండును. అయినను మన పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పుటలో ఒక విశేష లాభము కలదు. ఇందు భారతీయ లిపులన్నిటికి ఒకే ధ్వనికి ఒకే మీట. తెలుగు కకారము ఏ మీటపై నున్నదో కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపులలోని కకారమును ఆ మీటపైననే యుండును. తెలుగు నేర్చిన వ్రేళ్ళు రాష్ట్రభాషను వేఱుగ నేర్వనక్కఱలేదు. విండోస్ గుర్తు గల మీటను పట్టియుంచి స్పేస్ బార్‌ను నొక్కినచో ఒక భాషనుండి మఱియొక భాషకు మాఱవచ్చును.

రెండవది అక్షరరూపము, అనగా ఫాంటు. లిబ్రె ఆఫీస్ ప్రపంచ లిపులను మూడు తెగలుగా విభజించినది. పాశ్చాత్య లిపులు ఒక తెగ. చీనా, జపాను, కొరియా లిపులు ఒక తెగ. అక్షరములు ఒకదానితో ఒకటి కలిసి రూపము మార్చుకొను లిపులు ఒక తెగ. తెలుగు ఈ మూడవ తెగలోనిది. భాషల పుటలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అను చోట గుర్తు పెట్టి తెలుగును ఎన్నుకొనవలెను. ఇచ్చట మనబోటి వారికి ఒక చిక్కు కలదు. కన్నడము, తమిళము, ఒడియా, దేవనాగరి లిపియందలి మరాఠీ కూడ ఈ మూడవ తెగలోనివే. ఆ తెగకంతకు ఒక పేరాలో ఒకే ఫాంటు నియమింపబడి యుండుటచే, తెలుగునకు ఎన్నుకొన్న ఫాంటునే రాష్ట్రభాషకు కూడ కార్యక్రమము వెదకును. అందా అక్షరములు లేనిచో తనకు దొరకిన మఱియొక ఫాంటును తెచ్చి నిలుపును. అందుచే పుట పొందిక చెడును. దీనికి ఉపాయము స్టైల్ అను పేరాల ముచ్చు. స్టైల్స్ మెనూ ద్వారా "తెలుగు పేరా" అని ఒకటియు, రాష్ట్రభాష పేర మఱియొకటియు ఏర్పఱచి, వేర్వేఱు ఫాంటులను, భాషలను నియమించుకొనవలెను. ఈ రెండును మనము చేర్పబోవు మెనూలో ముఖ్యస్థానము పొందును.

మెనూను చేర్చు విధానము

రైటర్‌లో టూల్స్ మెనూను తెఱచి, అందు కస్టమైజ్ అను ఆజ్ఞను నొక్కవలెను. ఒక పెద్ద కిటికీ తెఱచుకొనును. దాని పై భాగమున గల విభాగములలో మెనూస్ అనుదానిని ఎన్నుకొనవలెను. కిటికీకి ఎడమ ప్రక్కన కార్యక్రమమునందు గల ఆజ్ఞలన్నియు వర్గములుగా జాబితాయందుండును. పైన వెదకుటకు ఒక గడి యుండును. కుడి ప్రక్కన ఏదేని ఒక మెనూలో ప్రస్తుతమున్న ఆజ్ఞలు కనబడును. ఎడమ ప్రక్కను కొట్టుగదిగాను, కుడి ప్రక్కను వడ్డించిన విస్తరిగాను భావించిన సులభముగా బోధపడును.

కుడివైపు పైన స్కోప్ అను గడి యుండును. మార్పు రైటర్‌కంతకు వర్తింపవలెనా, తెఱచియున్న ఒక పత్రమునకు మాత్రమే వర్తింపవలెనా యని అది అడుగును. ఇంటి కంప్యూటరులో రైటర్‌ను ఎన్నుకొనుట మంచిది. దాని క్రింద టార్గెట్ అను గడియు, ఆ గడి ప్రక్క మూడు గీతల గుర్తుగల బొత్తామును ఉండును. ఆ బొత్తామును నొక్కి యాడ్ అను మాటను ఎన్నుకొనగా క్రొత్త మెనూకు పేరు అడుగు చిన్న కిటికీ వచ్చును. అందు "తెలుగు" అని తెలుగు లిపిలోనే వ్రాయవలెను. ప్రక్కన నున్న బాణపు గుర్తులతో ఆ మెనూకు వరుసలో చోటు నిర్ణయింపవచ్చును. హెల్ప్ చివరనుండుట ఆచారము గనుక, దానికి ముందు చోటు తగియుండును.

ఇక ఎడమ జాబితాలో కావలసిన ఆజ్ఞను ఎన్నుకొని, నడుమ నున్న కుడివైపు బాణమును నొక్కినచో అది మన మెనూలో చేరును. ఎడమవైపు బాణమును నొక్కినచో చేర్చినది తొలగును. కుడి అంచున నున్న పై బాణము, క్రింది బాణము వరుసను మార్చును. ఇన్సర్ట్ అను బొత్తాముతో ఆజ్ఞల నడుమ ఒక గీతను గాని, లోపలి మెనూను గాని చేర్పవచ్చును. మోడిఫై అను బొత్తాములోని రీనేమ్ తో ఆ ఆజ్ఞకు మన ఇష్టము వచ్చిన పేరు పెట్టవచ్చును. అన్నియు ముగిసిన పిదప ఓకే నొక్కగానే పై పట్టీలో "తెలుగు" అను మాట వెలయును.

మెనూ పట్టీయే కనబడనివారు వ్యూ అమరికలలో ట్యాబ్డ్ అను రూపము వాడుచున్నారని గ్రహింపవలెను. 2019 నాటి 6.2 సంచిక నుండి ఆ రూపము ఎల్లరకు లభించుచున్నది. యూజర్ ఇంటర్‌ఫేస్ అను ఆజ్ఞలో స్టాండర్డ్ టూల్‌బార్ రూపమును ఎన్నుకొన్నచో పట్టీ మరల వచ్చును.

మెనూలో ఏమేమి ఉంచవలెను?

మెనూ నిండ ఆజ్ఞలు చేర్చుట సులభము. కాని పొడవైన జాబితాలో వెదకుట మరల ఒక శ్రమ. ఆరు ఆజ్ఞలకు మించకుండుట మంచిదని మా అభిప్రాయము. ఏవి, ఎందుకు అను విషయము క్రింద వివరించుచున్నాము.

మొదటిది తెలుగు పేరా, రాష్ట్రభాషా పేరాల జంట. ఎడమనున్న వర్గముల జాబితా చివర స్టైల్స్ అనునది కలదు. పైన చెప్పినట్లు ఏర్పఱచుకొన్న రెండు పేరాలను అందుండి తెచ్చి మెనూలో మొదట నుంచవలెను. పిల్లవాడు ఒక్క నొక్కుతో తెలుగు పేరానుండి కన్నడ పేరాకో, ఒడియా పేరాకో పోగలుగును. స్టైల్స్ ఏ పత్రములో ఏర్పఱచితిమో ఆ పత్రమునకు చెందియుండుటచే, ఆ పత్రమును మాతృకగా ఉంచుకొని దాని ప్రతులలోనే వ్రాయుట అలవాటు చేయవలెను.

రెండవది స్పెషల్ క్యారెక్టర్ అను ఆజ్ఞ. ఇది ఇన్సర్ట్ మెనూలో ముందే యున్నను, మన మెనూలో కూడ నుండదగినది. దీనిని నొక్కగా అక్షరముల గడులు వచ్చును; అందు తెలుగు భాగమును ఎన్నుకొన్నచో శకటరేఫమైన ఱకారము, అరసున్న, తెలుగు అంకెలు మొదలగునవన్నియు కనబడును. తఱచు కావలసిన వానిని ఫేవరిట్స్ అను వరుసలో చేర్చుకొనవచ్చును. పద్యమును కంఠస్థము చేసి ఎత్తి వ్రాయు పిల్లవానికి అరసున్న దొరకనిచో దానిని విడిచిపెట్టుట అలవాటగును.

మూడవది టాగిల్ యూనికోడ్ నొటేషన్. ఒక సంఖ్యను అక్షరముగాను, అక్షరమును సంఖ్యగాను మార్చుట దీని పని. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగునకు చోటు లభించినది. ప్రతి తెలుగు అక్షరమునకును ఒక సంఖ్య కలదు. ఈ ఆజ్ఞ అవసరమగు ముఖ్యసందర్భము ఒకటి యున్నది. నాగ్‌పూర్ అని వ్రాయదలచి గకారము, పొల్లు, పూకారము వరుసగా కొట్టినచో యంత్రము వానిని సంయుక్తాక్షరముగా కలిపి నాగ్పూర్ అని చూపును. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్ వంటి మాటలకును ఇదే గతి. పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విడదీయు గుర్తును ఉంచినగాని సరియైన రూపము రాదు. ఆ గుర్తు సంఖ్య 200 అంకెలును, వాని ప్రక్క సి అను ఇంగ్లీషు అక్షరమును. దీనిని పొల్లు తరువాత టైపు చేసి మన మెనూలోని ఈ ఆజ్ఞను నొక్కినచో సంఖ్య పోయి గుర్తు నిలుచును. ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కినను అదే ఫలము. మన ఊళ్ళ పేళ్ళలోను, మనుష్యుల పేళ్ళలోను అన్యభాషా పదములు అనేకములుండుటచే, తెలుగునాటి పిల్లలకంటె మన పిల్లలకు ఈ గుర్తు ఎక్కువగా అవసరమగును.

నాలుగవది ఫైండ్ అండ్ రీప్లేస్. ఒకే తప్పును వ్యాసమంతట చేసిన పిల్లవాడు దానిని అన్నిచోట్ల వెదకి దిద్దుకొనుటకు ఇది సాధనము. కాని తెలుగున దీనిని జాగ్రత్తతో వాడవలెను. కల అను దానిని కళగా మార్చుమని ఒక్కసారి ఆజ్ఞ యిచ్చినచో కలము కూడ కళముగా మాఱును. పూర్తి పదములనే మార్చు నియమము పెట్టినచో కలను, కలకు అను విభక్తి రూపములు తప్పించుకొనును. అందుచే ఒక్కొక్కదానినే చూచి మార్చుట నేర్పవలెను. ఆ చూచుటయే అభ్యాసము.

ఐదవది వర్డ్ కౌంట్. వ్యాసపోటీలలో మాటల పరిమితి యుండును. యంత్రము ఖాళీల నడుమ నున్నదానిని ఒక మాటగా లెక్కించును. తెలుగున విభక్తులు, క్రియాంగములు మాటతో కలిసిపోవుటచే, ఇంగ్లీషున ఆరు మాటలలో చెప్పునది తెలుగున రెండు మాటలలో చెప్పవచ్చును. ఇంగ్లీషు వ్యాసమును తెలుగు వ్యాసముతో పోల్చి, తెలుగు వ్యాసము పొట్టిదని పిల్లవానిని కోపపడకుండ తలిదండ్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

ఆరవది ఎక్స్‌పోర్ట్ డైరెక్ట్‌లీ యాజ్ పీడీఎఫ్. మన ఇంటి యంత్రములో చక్కగా కనబడిన తెలుగు, ఆ ఫాంటు లేని మఱియొక యంత్రములో వేఱు రూపముతో కనబడవచ్చును. పీడీఎఫ్ రూపములో అక్షరరూపములు పత్రముతోనే కలిసి పోవును గనుక, ఉపాధ్యాయునకు గాని ముద్రణశాలకు గాని పంపినపుడు వ్రాసినది వ్రాసినట్లే కనబడును. దిద్దుటకు వీలగు మూలప్రతిని మాత్రము ఇంట భద్రపఱచుకొనవలెను.

కొన్ని హెచ్చరికలు

మొదటి హెచ్చరిక: తొలి అమరికలోని మెనూలను ఖాళీ చేయకుడు, క్రొత్త మెనూను చేర్చుడు. పాఠశాల ప్రయోగశాలలోను, పరీక్షలోను పిల్లవానికి కనబడునది తొలి అమరికయే. ఇంటిలో మాత్రము ఇన్సర్ట్ మెనూలో సగము తీసివేసినచో అచ్చట వాడు తడబడును. మన "తెలుగు" మెనూ ఉన్నదానికి అదనము కావలెను గాని బదులు కారాదు.

రెండవది: ఈ మార్పులు ఆ యంత్రమునందు ఎవరి పేర ప్రవేశించి చేసితిమో వారికే వర్తించును. తండ్రి తన పేరనున్న ఖాతాలో మార్పు చేసి, పిల్లవాని ఖాతాలో అది కనబడలేదని ఆశ్చర్యపడనక్కఱలేదు. పిల్లవాని ఖాతాలోనే, పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయవలెను.

మూడవది పాఠశాలకు సంబంధించినది. అనేకులు వాడు ప్రయోగశాల యంత్రములలో మార్పులు చేయుట ఉచితము కాదు. అచ్చట స్కోప్ అను గడిలో రైటర్‌కు బదులు ఒక పత్రమును ఎన్నుకొనవచ్చును. అప్పుడు మెనూ ఆ పత్రముతోనే భద్రపఱచబడి, ఆ పత్రము తెఱచియున్నంతసేపు మాత్రమే కనబడును. ఉపాధ్యాయుడు తెలుగు పేరా, రాష్ట్రభాషా పేరా, "తెలుగు" మెనూ కలిగిన పత్రము నొకదానిని సిద్ధపఱచి విద్యార్థులందఱకు పంచినచో, ఇంటియందు ఏమియు అమర్చుకొనలేని కుటుంబమునకు కూడ ఆ వసతి చేరును.

నాలుగవది: మార్పులు చెడిపోవునను భయము వలదు. మెనూస్ విభాగములోని డిఫాల్ట్స్ అను బొత్తాము తొలి అమరికను మరల తెచ్చును. కాని మనము చేర్చిన మెనూయు దానితో పోవును గనుక తెలిసి నొక్కవలెను. కార్యక్రమమే సరిగా నడువనిచో హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్‌లో తెఱచు ఆజ్ఞ కలదు. అచ్చటను తొలి అమరికకు పోవు మార్గము లభించును. ఈ రెండింటివలనను వ్రాసియుంచిన పత్రములకు హాని లేదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడువారికి ఒక మాట. అందు పైన చెప్పినట్లు పట్టీకి బదులు రిబ్బను ఉన్నది. 2010 నాటి సంచికనుండి ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్ అను మార్గమున క్రొత్త ట్యాబ్‌ను చేర్చి, దానికి తెలుగు పేరు పెట్టి, ఆజ్ఞలు చేర్చుకొనవచ్చును. పేళ్ళు వేఱైనను పద్ధతి ఇట్టిదే.

పేళ్ళు పెట్టు పని

తుదకు ముఖ్యమైన విషయము నొకదానిని చెప్పి ముగింతుము. రీనేమ్ అను ఆజ్ఞతో మన మెనూలోని ప్రతి ఆజ్ఞకును తెలుగు పేరు పెట్టవచ్చునని పైన చెప్పితిమి. ఆ పేళ్ళను తలిదండ్రులు తామే నిర్ణయించి యీయక, పిల్లలను అడుగవలెనని మా మనవి. వర్డ్ కౌంట్‌ను మాటల లెక్క అనవలెనా, పదసంఖ్య అనవలెనా? ఫైండ్ అండ్ రీప్లేస్‌ను వెదకి మార్చుట అనవలెనా, ఇంటిలో పెద్దలు వాడు మఱియొక మాట తగునా? పిల్లలు అమ్మమ్మనో తాతనో అడుగుదురు, నిఘంటువును తెఱతురు, ఒక మాట పొడవైనదని త్రోసివేసి, మఱియొకటి కుదిరినదని సంతోషింతురు. తెలుగు పాఠము కొఱకు గాక తమ పని కొఱకు తెలుగు మాటను వెదకు అవకాశము మన పిల్లలకు అరుదుగా లభించును. ఈ ఆరు పేళ్ళు అట్టి అవకాశములు.

1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణచే చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను నిర్దేశించుచున్నది. ఆ వసతులను నిలుపుకొనుటకు మన సంఘములు పాటుపడుచునే యున్నవి. కాని బడినుండి వచ్చిన పిల్లవాడు కూర్చుండు బల్లను అమర్చు అధికారము ఏ ప్రభుత్వమునకును లేదు, అది మనదే. ఈ సెలవులలో ఒక సాయంకాలము తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి, ఆ మాటల వరుసలో హెల్ప్‌కు ముందు "తెలుగు" అను మాటను నిలుపుదురని ఆశించుచున్నాము.